తుపాను సూచనలకు మార్కులు వేయుట

1876వ సంవత్సరము అక్టోబరు నెలలో విశాఖపట్నము తీరమును ఒక తుపాను తాకినది. ఆ నెల ముగియు రాత్రి బంగాళాఖాతములోనే మరియొక తుపాను లేచి, నేడు బంగ్లాదేశములో నున్న బాకర్‌గంజ్ ప్రాంతముపై పడి, సముద్రమును ఊళ్ల మీదికి తోసినది. ఆ రెండవ దానిలో సుమారు రెండు లక్షలమంది మరణించినారని అంచనా. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడు, బెంగాలు ప్రభుత్వ వాతావరణ విలేఖరి అయిన జాన్ ఎలియట్ ఈ రెండు తుపానులను కలిపి ఒకే నివేదికగా వ్రాసినాడు. ఓడల దినచర్య పుస్తకములు, రేవులలోని భారమితి లెక్కలు, గాలి దిక్కులు అన్నియు ప్రోగుచేసి, తుపాను కేంద్రము ఏ రోజు ఎక్కడ నున్నదో గీత గీసి చూపుట ఆ నివేదిక పని. విశాఖపట్నము పేరు ప్రపంచ వాతావరణ సాహిత్యములోనికి ఆ విధముగా ఎక్కినది.

నివేదిక వచ్చు నాటికి తుపాను పోయి చాలా కాలమైనది. అయినను అటువంటి నివేదిక లేనిదే మరుసటి తుపానును గురించి చెప్పిన మాట నిజమో అబద్ధమో తేల్చుటకు వీలు లేదు. ముందుగా చెప్పిన చోటును, తుపాను నిజముగా పోయిన చోటును ఒకే పటముపై ఉంచి, రెంటికి నడుమ దూరము కొలిచినప్పుడే చెప్పినవారి విలువ తెలియును. ప్రభుత్వ ధనముతో నడచు శాస్త్రశాఖ ఒకటి తన తప్పులను తానే కి.మీ.లలో కొలిచి, ఏటేటా అచ్చువేయుట అను ఆచారము మన దేశములో తుపాను సూచనల విషయమున ఎట్లు ఏర్పడినదో, శ్రీకాకుళము, విజయనగరము తీరవాసులకు దానితో ఏమి పని యో ఇక్కడ చూతము.

మన దేశములో తుపాను హెచ్చరికల కథ 1864తో మొదలైనది. ఆ సంవత్సరము అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నమును తుపానులు ముంచెత్తినవి. మచిలీపట్నములోనే ముప్పదివేలమంది పోయినారంటారు. మరుసటి ఏడు కలకత్తా రేవులో తుపాను హెచ్చరికల పద్ధతి ప్రారంభమైనది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడి, హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫర్డ్ దానికి మొదటి అధికారి అయినాడు. ఇదంతయు ప్రభుత్వపు పని. విశాఖపట్నములో మాత్రము అంతకు ముందే ఒక జమీందారీ కుటుంబము తన సొంత డబ్బుతో ఈ పని మొదలుపెట్టినది. గోడే వేంకట జగ్గారావు మద్రాసులో టి.జి. టేలర్ వద్ద జ్యోతిశ్శాస్త్రము నేర్చి వచ్చి, 1840లో డాబాగార్డెన్సులో వేధశాల కట్టించినాడు. ఆయన అల్లుడు అంకితం వేంకట నరసింగరావు దానిని పెంచి, 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను అక్కడినుండి పరిశీలించినాడు. వానలు, గాలులు, భారమితి అంకెలు కూడ క్రమముగా వ్రాసి అచ్చువేయించెడివాడు. నక్షత్రములను చూచుటకు కట్టిన మేడ వానను కొలుచుటకు పనికివచ్చుట ఆ కాలములో వింత కాదు.

ఇక కొలత సంగతి. సూచన ఎంత నిజమైనదని అడిగినప్పుడు సామాన్యముగా వచ్చు జవాబు, నూటికి ఇన్ని సార్లు నిజమైనది అనునది. ఈ జవాబు ఎంత మోసకరమో 1884లో అమెరికాలో బయటపడినది. అక్కడి సైన్యపు సంకేత విభాగములో సార్జంటు జాన్ ఫిన్లే సుడిగాలులను గురించి సూచనలు చేసెడివాడు. ఆయన చేసిన 2,803 సూచనలలో నూటికి 96.6 సరియైనవని లెక్క తేలినది. గొప్ప విజయమే! అయితే జి.కె. గిల్బర్ట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ లెక్కను విప్పి చూచినాడు. ఫిన్లే సుడిగాలి వచ్చునని చెప్పినవి 100. అందులో వచ్చినవి 28, రానివి 72. రాదని చెప్పగా వచ్చినవి 23. రాదని చెప్పి, నిజముగా రానివి 2,680. ఫిన్లే ఆఫీసు మూసి ఇంటికి పోయి, ప్రతిదినము సుడిగాలి రాదు అని ఒకే మాట చెప్పి యున్నచో 2,752 సార్లు సరియై ఉండెడిది. అనగా నూటికి 98.2. ఏమియు తెలియనివాడు తెలిసినవానికంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొన్నాడన్నమాట.

తప్పు ఫిన్లేది కాదు, మార్కులు వేసిన పద్ధతిది. సుడిగాలి అరుదు. అరుదైనది రాదని చెప్పి గెలుచుట సులువు. కాబట్టి ఆ 2,680ని పక్కకు పెట్టి, మిగిలిన మూడింటిని మాత్రమే చూడవలెనని గిల్బర్ట్ అన్నాడు. 28ని, 28, 72, 23ల మొత్తమైన 123చేత భాగించగా నూటికి సుమారు 23 వచ్చును. ఫిన్లేకు రావలసిన మార్కులు ఇవి. నేటికిని వాన సూచనలను పరీక్షించునప్పుడు వాతావరణ శాఖలు ఈ భిన్నమునే వేరు పేర్లతో వాడుచున్నవి. పాఠశాలలో హాజరుపట్టీని చూచి ఉపాధ్యాయుని పనితనమును తేల్చు అధికారులు కూడ ఈ కథ చదువదగినది.

తుపాను సంగతి సుడిగాలికంటె కొంత నయము. అది వచ్చునా రాదా అను ప్రశ్నతోబాటు, ఎక్కడికి వచ్చును, ఎప్పుడు వచ్చును అని అడుగవచ్చును. జవాబును కి.మీ.లలో, గంటలలో కొలువవచ్చును. ఒక ఉదయము 8.30కు వాతావరణ శాఖ, మరునాడు 8.30కు తుపాను కేంద్రము ఫలానా అక్షాంశ రేఖాంశములపై ఉండునని చెప్పినదనుకొనుడు. మరునాడు అది వాస్తవముగా ఉన్న చోటికి, చెప్పిన చోటికి గల దూరమే ఆ సూచన దోషము. ఒక తుపానుకు ఇట్టి సూచనలు అనేకము. ఒక సంవత్సరములో తుపానులు కొన్ని. అన్నింటి దోషములకు సగటు తీయగా ఆ ఏటి 24 గంటల సగటు దోషము వచ్చును. 48 గంటలకు, 72 గంటలకు వేరువేరుగా తీయుదురు.

ఇక్కడ ఒక చిక్కున్నది. తుపాను వాస్తవముగా ఎక్కడ ఉన్నది? నడిసముద్రములో దాని కేంద్రము వద్ద కొలత పెట్టి చూచువారు లేరు. ఎలియట్ కాలములో ఓడలు చెప్పినదే సత్యము. ఆ ఓడలలో కొన్ని తిరిగి రాలేదు. 1970లో విశాఖపట్నములో తుపానులను కనిపెట్టు రాడారు నెలకొల్పినారు. మన దేశములో ఆ పనికి పెట్టిన మొదటి రాడారు అదే. 1974లో అక్కడనే తుపాను హెచ్చరిక కేంద్రము వెలసినది. తరువాత ఉపగ్రహములు వచ్చినవి. 2006లో డాప్లర్ రాడారు వచ్చినది. ఇన్ని ఉన్నను, దూరసముద్రములోని బలహీనమైన తుపాను కేంద్రమును గుర్తించుటలో కొన్ని పదుల కి.మీ.ల సందేహము ఉండనే ఉండును. అందుచేత తుపాను గడచిన పిమ్మట సమాచారమంతయు తిరిగి పరిశీలించి ఒక ఉత్తమ మార్గమును నిర్ణయింతురు. సూచనలను పరీక్షించునది ఆ మార్గముతోనే. 1876లో ఎలియట్ గీసిన గీతకు ఇది వారసురాలు. ఉత్తర హిందూ మహాసముద్రములోని తుపానులకు ఢిల్లీ కేంద్రము 1988 నుండి ప్రపంచ వాతావరణ సంస్థ తరఫున ప్రాంతీయ కేంద్రమై, ఈ మార్గములను, దోషములను తన వార్షిక నివేదికలలో ప్రకటించుచున్నది. ఉపాధ్యాయుడే ప్రశ్నపత్రము కూర్చి, జవాబు వ్రాసి, తానే దిద్దుకొన్నట్లున్నదని ఎవరైన అనవచ్చును. ఆ మాటలో కొంత న్యాయము కలదు. అయితే చెప్పిన సూచనలు ముందే ప్రపంచమంతటికి పంపినవి, ఉపగ్రహ చిత్రములు ఇతర దేశములవారికిని అందునవి కాబట్టి, దిద్దుబాటులో పక్షపాతము దాచుట కష్టము.

అంకెలు చూతము. 2003 నుండి 2011 వరకు 24 గంటల సూచనలో సగటు దోషము సుమారు 140 కి.మీ. 2014 నుండి 2018 వరకు అది 86 కి.మీ.కి తగ్గినది. ఆ అయిదేండ్లలోనే 48 గంటలకు 132, 72 గంటలకు 178 కి.మీ. అనగా మూడు దినముల ముందు చెప్పినది, పూర్వము ఒక దినము ముందు చెప్పినదానికి చేరువైనది.

ఈ అంకెలకు మన తీరములో అర్థమేమి? పటము తీసి కళింగపట్నము వద్ద వృత్తలేఖిని ముల్లు నిలిపి, 140 కి.మీ. వ్యాసార్ధముతో వృత్తము గీయుడు. దక్షిణమున విశాఖపట్నము, ఉత్తరమున ఒడిశాలోని గోపాలపురము రెండును ఆ వృత్తములో పడును. కళింగపట్నము వద్ద దాటునని చెప్పినప్పుడు విశాఖ రేవు, విజయనగరము జిల్లా తీరము, శ్రీకాకుళము జిల్లా పొడవునా ఉన్న సుమారు 190 కి.మీ. తీరము, దానిపైన గంజాము, అన్నియు ఒకేసారి భయపడవలసినదే. ఇప్పుడు 86 కి.మీ.తో గీయుడు. వృత్తము దాదాపు భీమునిపట్నము నుండి సోంపేట వరకు వచ్చి ఆగును. విశాఖకు, గోపాలపురమునకు కొంత ఊపిరి. ఖాళీ చేయించవలసిన ఊళ్లు, తెరువవలసిన ఆశ్రయ భవనములు, వండవలసిన అన్నము అంత మేరకు తగ్గినవి. కాని 86 అనునది సగటు మాత్రమే, హద్దు కాదు. సగటుకంటె రెండింతలు తప్పిన సూచనలు కూడ అందులో చేరియున్నవి. వృత్తము బయటనున్నవారు నిశ్చింతగా నిద్రపోవచ్చునని దీని భావము కాదు. ఈ సంగతి తెలుపుటకే 2009 నుండి తుపాను పటములో ఒక గీతకు బదులుగా, ముందుకు పోవుకొలది వెడల్పగు శంకువు గీయుచున్నారు.

దోషము తగ్గినంత మాత్రమున శాఖ నైపుణ్యము పెరిగినదని చెప్పలేము. కొన్ని తుపానులు సులువైనవి, తిన్నగా నడచును. ఒక ఏడు అటువంటివే వచ్చినచో సగటు దానంతటదే తగ్గును. ఫిన్లే కథలోని మెలికయే ఇది. దీనికి విరుగుడుగా శాస్త్రజ్ఞులు ఒక గుడ్డి సూచనను పక్కన నిలబెట్టుదురు. ఆ నెలలో, ఆ చోట పూర్వపు తుపానులు సగటున ఎటు నడచినవి, ఈ తుపాను గత కొన్ని గంటలుగా ఎటు నడచుచున్నది అను రెండు సంగతులను మాత్రమే కలిపి, గాలి, ఉష్ణోగ్రత, యంత్రగణితము ఏమియు ఎరుగకుండ చెప్పు సూచన అది. ఆ గుడ్డి సూచన 200 కి.మీ. తప్పి, శాఖ సూచన 120 కి.మీ. తప్పినదనుకొనుడు. మిగిలిన 80ని 200చేత భాగించగా నూటికి 40 వచ్చును. నైపుణ్యమనగా ఇదియే. తిన్నగా నడచు తుపానుకు గుడ్డి సూచనయే చాలును, అక్కడ నైపుణ్యమునకు చోటు తక్కువ. హఠాత్తుగా మలుపు తిరుగు తుపాను వద్దనే శాఖ తన విలువ చూపవలెను.

ఇటీవలి తుపానులలో ఈ పరీక్షకు బాగుగా నిలిచినది హుద్‌హుద్. 2014 అక్టోబరు 7న అండమాను వద్ద వాయుగుండమై లేచి, 12వ తేదీ మధ్యాహ్నము విశాఖపట్నము వద్దనే తీరము దాటినది. గాలి వేగము గంటకు 180 కి.మీ. వరకు పోయినది. రేవులోని పోటుమాపకములో ఉప్పెన 1.4 మీటర్లుగా తేలినది. అది విశాఖకే వచ్చునని ముందుగానే చెప్పియుండుటచే తీరగ్రామములను ఖాళీ చేయించగలిగినారు. కైలాసగిరిపై నున్న రాడారు తుపానును తీరము వరకు అనుసరించి, తుదకు ఆ గాలికే దెబ్బతిన్నది. నగరములో చెట్లు లేవు, కరెంటు లేదు, టెలిఫోను లేదు. సూచన దోషము తక్కువైనంత మాత్రమున నష్టము తక్కువ కాదు. ప్రాణములకు సంబంధించినంతవరకు తేడా కనబడును. 1977 నవంబరు 19న దివిసీమలో పోయినవారు పదివేలకు తగ్గరు.

అయితే హుద్‌హుద్ తీరము దాటి అక్కడితో ముగియలేదు. దాని తేమ ఉత్తరమునకు పోయి, రెండు దినముల పిమ్మట నేపాలు హిమాలయములలో మంచుతుపానుగా కురిసి, అన్నపూర్ణ ప్రాంతమున నలభైమందికి పైగా కాలినడక యాత్రికులను, వారికి తోడు వెళ్లిన స్థానికులను చంపినది. తీరము దాటిన చోటు దోషమును కొలుచు పట్టికలో ఈ మరణములకు గడి లేదు.

తిత్లీ దీనిని మరింత స్పష్టముగా చూపినది. 2018 అక్టోబరు 8న వాయుగుండము, 10న అతి తీవ్ర తుపాను, 11 తెల్లవారుజామున పలాస వద్ద తీరము. గోపాలపురానికి, కళింగపట్నమునకు నడుమ దాటునని శాఖ ముందే చెప్పినది. అట్లే దాటినది. గంటకు 140 నుండి 150 కి.మీ. గాలి ఉద్దానములో కొబ్బరితోటలను, జీడితోటలను పడగొట్టినది. వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి, మందస మండలములలో ఒక తరము పెంచిన చెట్లు ఒక్క వేకువన నేలకొరిగినవి. మార్గము మాటకు వచ్చినచో సూచనకు మంచి మార్కులే రావలెను. కాని తీరము దాటిన తుపాను ఈశాన్యమునకు మలుపు తిరిగి, లోపలి కొండలపై కుండపోతగా కురిసినది. వంశధార పొంగినది. ఒడిశాలో డెబ్బదిమందికి పైగా మరణించగా, అందులో పెక్కుమంది సముద్రమునకు దూరమైన గజపతి జిల్లావారు. అక్కడ కొండచరియ విరిగి, వానకు తలదాచుకొన్నవారిపై పడినది. తీరము నుండి జనమును తరలించిన యంత్రాంగము కొండపల్లెలవైపు అంత చూపు పెట్టలేదు. కొలిచినది ఒకటి, చంపినది మరియొకటి అయినది.

వాన సూచనకు మార్కులు వేయుట మార్గ సూచనకు వేయుటకంటె ఎంతో కష్టము. తుపాను కేంద్రము ఒక్కటే ఉండును. వాన ప్రతి కొండకును వేరు. మహేంద్రగిరి ఒక వాలుపై కురిసినంత మరొక వాలుపై కురియదు. వర్షమాపకము లేని చోట ఎంత కురిసినదో ఎవరికి తెలియును? ఎంత కురిసినదో తెలియని చోట, సూచన తప్పినదని గాని ఒప్పినదని గాని ఎట్లు చెప్పుట? మైదానములో మండలమునకు ఒక కొలత ఉన్నను, మన్యములో ఏళ్ల తరబడి కొలతలు పలుచగానే ఉండినవి. కొలతలు దట్టముగా ఉన్న చోటి ఫలితములే సగటులో ఎక్కువ బరువు తూగును. మన్యపు తప్పులు పట్టికకు ఎక్కనే ఎక్కవు. శాఖల పనితనమును అంకెలలో చూపు పట్టిక ఏది చూచినను, ఆ అంకెలు ఎక్కడివో, ఎక్కడివి లేవో ముందుగా అడుగవలసి యున్నది.

వృథా హెచ్చరికల సంగతి కూడ ఇక్కడ చెప్పవలెను. 2021 సెప్టెంబరు 26న గులాబ్ అను తుపాను కళింగపట్నమునకు ఉత్తరమున చేరువలోనే తీరము దాటినది. రెండు నెలలు గడువగానే డిసెంబరు మొదటి వారములో జవాద్ వచ్చుచున్నదని శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము జిల్లాలలో యాభైవేలకు పైగా జనమును సురక్షిత స్థలములకు తరలించినారు. జవాద్ తీరము దగ్గరకు వచ్చి, ఉత్తరమునకు తిరిగి, సముద్రములోనే బలహీనపడినది. ఇంటికి తిరిగి వచ్చిన మత్స్యకారుని దృష్టిలో అది రాని తుపాను. వేట పోయినది, కూలి పోయినది. శాఖ దృష్టిలో మార్గము, మలుపు, బలహీనత చాలవరకు చెప్పినట్లే జరిగినవి. ఒకే సూచన ఒక పట్టికలో ఒప్పు, ఒక ఊరిలో తప్పు. రెండును అబద్ధము కావు. మత్స్యకారుడు మరుసటి హెచ్చరికకు కదలకున్నచో, ఆ తరువాతి సూచన ఎంత సరియైనను ప్రయోజనముండదు. శాఖ వార్షిక నివేదికలోని కి.మీ.ల గడులు ఆ ఊరి నమ్మకమును కొలువలేవు. దానిని కొలుచు పద్ధతి కి.మీ.లంత సులువుగా కుదురునది కాదు.

గాలి బలమును ముందుగా చెప్పుట మార్గముకంటె వెనుకబడి యున్నదని కూడ ఈ పట్టికలే చూపుచున్నవి. తిత్లీవలె సుమారు ఒక దినములోనే బలపడు తుపానుల విషయమున అది మరింత స్పష్టము. మార్గమును చుట్టుపక్కల విస్తారమైన గాలులు నడుపును, వానిని ఉపగ్రహములు, యంత్రగణితము బాగుగా పట్టగలవు. బలము మాత్రము కేంద్రము దగ్గర కొద్ది కి.మీ.ల మేర జరుగు మేఘముల పనిపైన, దిగువనున్న సముద్రపు వేడిపైన ఆధారపడును. అక్కడ కొలతలు అరుదు.

ఉన్నత పాఠశాలలో ఈ పరీక్షను చిన్న ఎత్తున చేయవచ్చును. అక్టోబరు ఒకటి నుండి డిసెంబరు ముగియువరకు ప్రతిదినము సాయంత్రము జిల్లాకు ఇచ్చిన మరునాటి వాన సూచనను నోటుబుక్కులో వ్రాయవలెను. మరునాడు ఉదయము 8.30కు పాఠశాల వర్షమాపకములో 2.5 మిల్లీమీటర్లు గాని అంతకుమించి గాని ఉన్నచో దానిని వానదినముగా లెక్కించవలెను. అది శాఖవారి నియమమే. తొంబదిరెండు దినముల తరువాత పేజీని నాలుగు గడులుగా విభజించి, చెప్పి వచ్చినవి, చెప్పి రానివి, చెప్పక వచ్చినవి, చెప్పక రానివి వేరుచేయవలెను. నాలుగవ గడిని పక్కకు పెట్టి, మొదటిదానిని మొదటి మూడింటి మొత్తముచేత భాగింపవలెను. టెక్కలిలోని పాఠశాల అంకెను, పార్వతీపురములోని పాఠశాల అంకెను ఒకదాని సరసన ఒకటి వ్రాసి చూచినచో తీరమునకు, కొండకు గల తేడా పిల్లలకే కనబడును.